తనిఖీలో ఫెయిల్ అన్నారు, మెకానిక్ ఏమీ లేదన్నాడు

ఈసారి పాత కార్ల మీద, ముఖ్యంగా సేఫ్టీ తనిఖీల మీద ఉత్తరాలు బాగా వచ్చాయి. మొదటి ఉత్తరానికి జవాబు కాస్త పెద్దదైంది, మిగతావాళ్లు ఏమీ అనుకోకండి, మీ సందేహాల్లో సగం అందులోనే తీరుతాయి.

ప్రశ్న: మా నాన్నగారి కారు ఇప్పుడు నేను నడుపుతున్నాను. 17 ఏళ్లు దాటింది. మొన్న తనిఖీకి తీసుకెళ్తే మూడు కారణాలు రాసి ఫెయిల్ చేశారు. కింద చాసిస్‌కు తుప్పు, వెనక రెండు చక్రాల బ్రేకుల్లో తేడా, ముందు కుడివైపు కింది బాల్ జాయింట్‌లో ప్లే (ఉండకూడని వదులు). ఏళ్ల తరబడి మా బండి చూస్తున్న మెకానిక్ కింద దూరి చూసి, "ఇవేవీ ఫెయిల్ చేసేంత విషయాలు కాదమ్మా, పాత బండి అంటే వాళ్లకు అలుసు" అన్నాడు. పైగా తనిఖీ చేసినచోటే రిపేర్లు కూడా చేస్తారు, "మేమే చేసి పాస్ చేయిస్తాం" అంటున్నారు. నా అనుమానం అక్కడే. వాళ్లతో గొడవపడాలా, నోరు మూసుకుని రిపేరు చేయించుకోవాలా? ఇంట్లోవాళ్లు మాత్రం ఇదే వంకతో బండి అమ్మించేద్దామని చూస్తున్నారు. — పేరు వేయొద్దన్న పాఠకురాలు

జవాబు: ఇది తేలేదాకా బండి మీద ఎవరినీ స్పానర్ పెట్టనివ్వకండమ్మా, మీ మెకానిక్‌ని కూడా. చాలామంది ఇక్కడే దెబ్బతింటారు. కోపంలో బయట ఎక్కడో ఆ బాల్ జాయింట్ (చక్రాన్ని సస్పెన్షన్‌కు కలిపే గుండ్రటి కీలు) మార్పించేస్తారు, పాతది పాత ఇనుప సామాన్లలోకి పోతుంది, ఆ తర్వాత తీరిగ్గా అప్పీలుకు వెళ్తారు. అప్పుడు చూడటానికి అక్కడ ఏముంటుంది? బ్రిటన్‌లో ఎంఓటీ అనే సేఫ్టీ తనిఖీలో ఫెయిలైతే అప్పీలుకు 14 పని దినాల గడువు ఉంది, అది కూడా రిపేరుకు ముందే వెళ్లాలి. మన దేశంలో మోటారు వాహనాల చట్టం, 1988లోని సెక్షన్ 57 కింద రిజిస్టరింగ్ అథారిటీ ఉత్తర్వు అందిన 30 రోజుల్లోగా అప్పీలు చేసుకోవచ్చు. మీరు ఎక్కడ ఉన్నా సరే, ఫెయిల్ కాగితం చేతికి రాగానే ముందు చూడాల్సింది ఆ గడువు. కారణాల సంగతి ఆ తర్వాత.

ఇక మీ మెకానిక్ మాట. ఆయన మంచివాడే అయ్యుంటాడు, కానీ "కింద దూరి చూసి" అన్నారు చూశారా, అక్కడే ఆయన మాటకు బలం పోయింది. బండి బరువంతా చక్రాల మీద ఉన్నప్పుడు కింద దూరి కంటితో చూస్తే చాలా జాయింట్లలో ప్లే బయటపడదు. చక్రం గాల్లోకి లేవాలి, జాయింట్ మీద బరువు పోవాలి, అప్పుడు ఊపి చూడాలి. ఆ జాక్ కూడా ఎక్కడ పడితే అక్కడ పెట్టకూడదు. స్ప్రింగు కింది ఆర్మ్ మీద కూర్చునే రకం సస్పెన్షన్ అయితే జాక్ ఆ ఆర్మ్ కింద పెట్టాలి, స్ట్రట్ రకమైతే (స్ప్రింగూ షాక్ అబ్జార్బరూ ఒకే కడ్డీగా ఉండేది) బాడీ కింద పెట్టి చక్రాన్ని వేలాడనివ్వాలి. తప్పుచోట పెడితే ఉన్న ప్లే కూడా కనబడకుండా పోతుంది.

ఇన్‌స్పెక్టర్ కూడా ఈ విషయంలో పొరబడొచ్చు, అదీ చెప్పాలి. చక్రాన్ని పైనా కిందా పట్టుకుని ఊపితే కదిలింది కాబట్టి బాల్ జాయింట్ అని రాసేసి ఉండొచ్చు, నిజానికి ఆ కదలిక వీల్ బేరింగ్‌ది కావొచ్చు. ఇది తేల్చడం చాలా తేలిక. ఒకరు లోపల కూర్చుని బ్రేక్ పెడల్ గట్టిగా తొక్కి పట్టుకోవాలి, ఇంకొకరు చక్రాన్ని అలాగే మళ్లీ ఊపాలి. బ్రేక్ తొక్కగానే కదలిక పోతే అది బేరింగ్, పోకపోతే జాయింటో సస్పెన్షన్‌లో ఇంకేదో. ఈ పరీక్ష మీ కళ్ల ముందే చేయమని అడగండి, అందులో సిగ్గుపడాల్సింది ఏమీ లేదు, సరిగ్గా చూసినవాడైతే ఇంకోసారి చూపించడానికి వాడికేం నొప్పి? కానీ బేరింగ్ అని తేలినా సంబరపడకండి, అది మితిమీరి వదులైతే దానికీ ఫెయిలే. కాగితం మీద పేరు మారుతుంది, మీరు వేయించాల్సిన పార్టు మారుతుంది. ఆ మాత్రం తేడా కూడా ముఖ్యమే, లేకపోతే బాగున్న జాయింట్ మార్పించి మళ్లీ ఫెయిలవుతారు.

బ్రేకుల సంగతికి వద్దాం. మూడింటిలో వాదించడానికి ఏమీ లేనిదీ, మళ్లీ కొలవడానికి బాగా వీలున్నదీ ఇదే. రోలర్ల మీద చక్రాలు పెట్టి తొక్కిస్తారు, ఎడమ ఎంత లాగింది, కుడి ఎంత లాగింది అని మిషన్ అంకెలు ఇస్తుంది. ఆ అంకెలున్న స్లిప్ అడిగి తీసుకోండి. యూరప్ లెక్క ప్రకారం ఒకే యాక్సిల్ మీద రెండు చక్రాల మధ్య తేడా, వాటిలో ఎక్కువ లాగిన చక్రం అంకెలో 30 శాతం దాటకూడదు. అంటే ఒకటి 200 లాగితే రెండోది 140 అయినా లాగాలి. మీ స్లిప్‌లో తేడా హద్దుకు కొద్దిగా అటుగా ఉందా, లేక ఒక చక్రం అసలు పట్టుకోవడమే లేదా అన్నది చూడండి. కొద్ది తేడా అయితే దానికి పనికిమాలిన కారణాలు బోలెడు ఉంటాయి. టైర్లలో గాలి సమానంగా లేదు, టైర్లు తడిగా ఉన్నాయి, బండి చాలా రోజులు కదలకుండా ఉండి ఒక డిస్కు మీదో డ్రమ్ము లోపలో పల్చగా తుప్పు పొర కట్టింది. గాలి సరిచేసుకుని, కొంతదూరం నడిపి, ఖాళీ రోడ్డు మీద కొన్నిసార్లు గట్టిగా బ్రేక్ వేసి వెళ్తే ఇలాంటి తేడా తగ్గిపోతుంది. (ఇది మోసం కాదు. బ్రేకును పనిచేసే స్థితిలో చూపించడమే.) ఒక చక్రం మరీ తక్కువ లాగితే మాత్రం అది బిగుసుకున్న స్లయిడ్ పిన్నో, లీకయ్యే వీల్ సిలిండరో అయ్యుంటుంది, దాన్ని అప్పీలుతో బాగుచేయలేం.

పాత బండివాళ్లు ఇక్కడ ఒకటి తప్పకుండా చూసుకోవాలి. చాలాచోట్ల ప్రమాణం బండి వయసును బట్టి ఉంటుంది, ఇవాళ్టి కొత్త బండికి పెట్టిన హద్దు మీ బండికి వర్తించకపోవచ్చు. బ్రిటన్‌లో కార్ల మామూలు బ్రేకు సామర్థ్యం (బ్రేకులన్నీ కలిపి లాగేది బండి బరువులో ఎంత శాతమన్నది) 2010 సెప్టెంబరుకు ముందు వాడకంలోకి వచ్చినవాటికి 50 శాతం ఉంటే చాలు, ఆ తర్వాతవాటికి 58 ఉండాలి. మధ్యలో, ఏ 54 శాతమో వచ్చిన పాత కారును కొత్త బండి లెక్కలో కొలిచి ఫెయిల్ చేస్తే అది కచ్చితంగా తప్పే. కంప్యూటర్‌లో బండి సంవత్సరం తప్పుగా ఎక్కితే ఇలా జరగొచ్చు. అందుకే కాగితంలో తయారీ సంవత్సరం, రిజిస్ట్రేషన్ తేదీ, మోడల్ సరిగ్గా ఉన్నాయా అని ముందు చూసుకోండి. మనుషుల మీద అరిచేకంటే ఇలాంటి గుమాస్తా తప్పు పట్టుకుంటే పని వేగంగా అవుతుంది.

ఇప్పుడు తుప్పు. అసలు గొడవ ఇక్కడే, డబ్బు కూడా ఇక్కడే. బాల్ జాయింట్ మార్చడం ఒక పూట పని, చాసిస్ వెల్డింగ్ అలా కాదు. తుప్పుకు రోలర్ మిషన్ లేదు, అంకె లేదు, ఉన్నది ఒక మనిషి చూపు, ఒక మనిషి చెయ్యి. కాబట్టి కొట్లాడాల్సి వస్తే దీనిమీదే కొట్లాడండి.

కాగితంలో ఉత్త "తుప్పు" అని రాసి ఉంటే అది కారణమే కాదు. పదిహేడేళ్ల బండికి కింద తుప్పు లేకపోతేనే ఆశ్చర్యం. ఎక్కడ తుప్పు, ఎంత లోతు తుప్పు అన్నదే ప్రశ్న. పైన ఎర్రగా పొడిలా ఉండి, వైరు బ్రష్‌తో రుద్దితే కింద గట్టి ఇనుము కనిపించేది ఒకటి. పొరలు పొరలుగా ఊడొచ్చేది, వేలితో నొక్కితే లోపలికి పోయేది, చిల్లు పడ్డది ఇంకొకటి. మొదటిదానికి ఫెయిల్ చేయడం అన్యాయం, రెండోదానికి చేయకపోవడం నేరం. చోటు కూడా చూడాలి. సస్పెన్షన్ బాడీకి బిగించేచోటు, సీటు బెల్టు కొక్కెం ఉండేచోటు, స్టీరింగ్ బిగించేచోటు, డోర్ల కింద పొడుగ్గా వెళ్లే బాక్సు, ఇవి బరువు మోసే భాగాలు. బ్రిటన్ నియమాల్లో ఇలాంటి బిగింపుల చుట్టూ 30 సెంటీమీటర్ల లోపల బలం తగ్గించే తుప్పు ఉంటే ఫెయిల్. అదే తుప్పు ఈ చోట్లకు దూరంగా, బరువు మోయని రేకు మీద ఉంటే సాధారణంగా పర్వాలేదు, పదునైన అంచు ఎవరికీ గీసుకోకుండా ఉంటే చాలు.

ఇన్‌స్పెక్టర్ దాన్ని ఎలా చూశాడో కూడా అడగండి. వేళ్లతో నొక్కి చూడటం, మొండి పనిముట్టుతో తేలిగ్గా గీకడం, తట్టడం మామూలు పద్ధతి. గట్టి రేకు ఖంగున మోగుతుంది, లోపల తిన్న రేకు మెత్తగా, చచ్చినట్టు పలుకుతుంది, తేడా చెవికి వెంటనే తెలిసిపోతుంది. స్క్రూడ్రైవర్ తీసుకుని పొడిచి చిల్లు పెట్టి "ఇదిగో చిల్లు" అంటే మాత్రం ఒప్పుకోకండి. ఇంకో మెలిక ఏమిటంటే, కింద నల్లగా పూసిన కోటింగ్. అది ఉన్నచోట మీరూ చూడలేరు, ఆయనా చూడలేడు. కొందరు అమ్మేముందు తుప్పు మీదే అది పూసేస్తారు, కొన్నిచోట్ల కోటింగ్ బాగానే కనిపిస్తూ లోపల ఇనుము కరిగిపోయి ఉంటుంది. మీ బండికి అది ఉంటే వాదించే ముందు ఆ భాగం వరకు పరీక్షగా చూపించుకోండి.

బ్రేకు పైపు మీద తుప్పు ఉందని రాస్తే మాత్రం దయచేసి వాదించకండి. మార్పించేయండి.

తనిఖీ చేసేవాళ్లే రిపేరు చేయడం గురించి అడిగారు. అనుమానం సహజమే, కానీ అదొక్కటే మోసానికి రుజువు కాదు. బ్రిటన్‌లో ఎక్కువ భాగం గ్యారేజీలు రెండూ చేస్తాయి, జర్మనీలో తనిఖీ ఇంజనీర్లు వేరే సంస్థలవాళ్లు, రిపేరు గ్యారేజీవాళ్లు వేరు. రెండు పద్ధతులూ నడుస్తున్నాయి. మీరు చేయాల్సిందల్లా కేవలం తనిఖీ మాత్రమే చేసేచోట, మీ బండిని రిపేరు చేయడం వల్ల పైసా లాభం లేనివాళ్ల దగ్గర ఇంకోసారి చూపించడం. మొదటి కాగితం చూపించకండి, ఎందుకొచ్చారో చెప్పకండి, "మొత్తం చూసి ఏమేం ఉన్నాయో రాసివ్వండి" అనండి చాలు. ముందే "వాళ్లు అన్యాయంగా ఫెయిల్ చేశారండీ" అని మొదలుపెడితే ఎదుటివాడు మీ మొహం చూసి మాట్లాడతాడు, బండిని చూసి కాదు. వాళ్లు కూడా అవే మూడు రాస్తే ఇక గొడవ లేదు, రిపేరే.

రాయనివి, లేదా వేరుగా రాసినవి ఉంటే అప్పీలుకు కూర్చోండి. అందులో మీ నాన్నగారి జ్ఞాపకాలు, ఇంతవరకు ఒక్క యాక్సిడెంటు కూడా కాలేదన్న సంగతి, వాళ్లు మీతో దురుసుగా మాట్లాడారన్నది, ఇవేవీ వద్దు. ఇలా రాస్తే సరిపోతుంది: "ఫలానా తేదీ తనిఖీ నివేదికలో రెండో అంశంగా చాసిస్ తుప్పు అని ఉంది. చోటు రాయలేదు. జతచేసిన రెండో నివేదికలో కుడి బాక్సు మీద పైపై తుప్పు మాత్రమే ఉందని, బలం తగ్గలేదని ఉంది. ఫొటోలు జతచేశాను. ఈ ఒక్క అంశాన్ని మళ్లీ పరీక్షించమని కోరుతున్నాను." ఫొటో తీసేటప్పుడు తుప్పు దగ్గర ఒక స్కేలు పెట్టి తీయండి, కొంచెం దూరం నుంచి ఇంకోటి తీయండి, లేకపోతే అది మీ బండిలో ఏ భాగమో, అసలు మీ బండేనో ఎవరికీ తెలియదు.

ఇంకొక లెక్క కూడా వేసుకోండి. మూడింటిలో రెండు తప్పని తేలి ఒకటి నిజమైనా బండి ఫెయిలే. కాబట్టి తక్కువలో పోయేదాని మీద పంతం అనవసరం. నేనైతే తుప్పు మీద మాత్రమే అప్పీలు పెడతాను, బ్రేకు మళ్లీ కొలిపిస్తాను, బాల్ జాయింట్‌లో నిజంగా ప్లే ఉంటే అప్పీలు తేలిన మర్నాడే మార్పిస్తాను. ఈలోగా మాత్రం ఆ బండి తీసి పిల్లల్ని స్కూల్లో దింపడం లాంటివి పెట్టుకోకండి. కింది బాల్ జాయింట్ ఊడితే చక్రం పక్కకు మడుచుకుపోతుంది, స్టీరింగ్ చేతిలో ఉన్నా లేనట్టే.

అమ్మకం సంగతి మీ ఇంటి వ్యవహారం, అందులో నేను దూరను.

ప్రశ్న: చెక్ ఇంజన్ లైటు వెలుగుతోందని తనిఖీకి ముందురోజు స్కానర్ పెట్టించి చెరిపించాను. లైటు ఆరిపోయింది. అయినా "రెడీగా లేదు" అని వెనక్కి పంపేశారు. లైటే లేనప్పుడు ఇదేం అన్యాయం సార్?

జవాబు: అన్యాయం ఏమీ లేదు, మీరు చేసిన పని మిషన్‌కు తెలిసిపోయింది, అంతే. స్కానర్‌తో చెరిపితే తప్పుల జాబితాతో పాటు, కారు తనను తాను పరీక్షించుకున్న ఫలితాలు కూడా పోతాయి. బ్యాటరీ తీసి పెట్టినా చాలా బండ్లలో ఇదే జరుగుతుంది, కాబట్టి ఈమధ్యే బ్యాటరీ మార్చినవాళ్లు నిజాయితీగా ఉండి కూడా ఇందులో ఇరుక్కుంటారు. ఆ సొంత పరీక్షలు మళ్లీ పూర్తి కావాలంటే బండి చల్లగా ఉన్నప్పుడు స్టార్ట్ చేయాలి, ట్రాఫిక్‌లోనూ నడపాలి, ఆగకుండా ఒకే వేగంతో కొంతసేపు కూడా నడపాలి. కొన్ని పరీక్షలు పెట్రోలు ట్యాంకు నిండుగా ఉన్నా, బాగా అడుగంటినా అసలు మొదలే కావు. అమెరికాలో ఈపీఏ (అక్కడి పర్యావరణ పరిరక్షణ సంస్థ) మార్గదర్శకం ప్రకారం 1996 నుంచి 2000 దాకా వచ్చిన మోడళ్లకు ఈ సొంత పరీక్షల్లో రెండు, 2001 నుంచి వచ్చినవాటికి ఒకటి పూర్తికాకపోయినా తనిఖీకి ఒప్పుకోవచ్చు. కొన్ని రోజులు మామూలుగా నడపండి. లైటు మళ్లీ వెలిగితే ఆ కోడ్ ఏమిటో రాసి పెట్టుకోండి, చెరిపించకండి, అసలు జబ్బు చూపించండి.

ప్రశ్న: పోయినసారి ఇదే బండి, ఇదే చోట పాసైంది. ఆ తర్వాత పెద్దగా తిప్పింది కూడా లేదు. ఈసారి కొత్త ఇన్‌స్పెక్టర్ టైర్లకు, రబ్బరు బూటుకు ఫెయిల్ చేశాడు. ఇది కక్షే కదా?

జవాబు: కాదనుకుంటాను. "పోయినసారి పాసైంది" అన్నది ఎక్కడా చెల్లని వాదన, ఆ రోజు ఉన్న స్థితికే ఆ కాగితం. పైగా తిప్పలేదు అంటున్నారు, రబ్బరుకు అదే శత్రువు. కదలకుండా నిలబెట్టిన బండి టైర్లకు పక్కన పగుళ్లు వస్తాయి, గాడులు ఎంత లోతున్నా సరే. టైరు గాడి లోతుకు చాలా దేశాల్లో కనీస హద్దు 1.6 మిల్లీమీటర్లు, దాన్ని మీరే కొలుచుకోవచ్చు, గాడుల మధ్య అడుగున చిన్న చిన్న దిమ్మెలు ఉంటాయి, టైరు అరిగి వాటితో సమానమైతే అయిపోయినట్టే. పగుళ్ల విషయంలో మాత్రం వాదనకు చోటుంది. పైపైన వెంట్రుక మందం గీతలు వేరు, లోపలి దారాలు కనిపించే పగులు వేరు. రబ్బరు బూటు (జాయింట్ మీద ఉండే తొడుగు) చినిగి గ్రీజు బయటికి చిమ్మి చక్రం లోపలివైపు నల్లగా పట్టి ఉంటే ఇన్‌స్పెక్టర్‌ను వదిలేయండి, బూటు వేయించండి. గ్రీజు పోయి ఆ దారిన మట్టి లోపలికి చేరితే తర్వాత జాయింటే పోతుంది.

ప్రశ్న: హెడ్‌లైట్లు పసుపెక్కాయని పాలిష్ చేయించి, వెలుగు ఎక్కువ రావాలని ఎల్ఈడీ బల్బులు కూడా వేయించాను. వెలుగు ఎక్కువైందని ఫెయిల్ చేస్తారా ఎవరైనా?

జవాబు: చేస్తారు. హాలోజెన్ బల్బుకు తయారుచేసిన రిఫ్లెక్టర్‌లో ఎల్ఈడీ పెడితే వెలుగు పడాల్సినచోట పడదు, పైకి చెదిరి ఎదురొచ్చేవాడి కళ్లలో కొడుతుంది. పాలిష్ మంచి పనే, దాన్ని అలాగే ఉంచి పాత రకం బల్బులు వేసుకుని, లైట్ల ఎత్తు సరిచేయించుకుని వెళ్లండి.

ప్రశ్న: ఒక పాత కారు చూశాం, మాకు బాగా నచ్చింది. తనిఖీలో ఫెయిలైంది, "అది తప్పుడు రిపోర్టు, మీరు తీసుకున్నాక ఎక్కడైనా పాసైపోతుంది" అంటున్నాడు అమ్మేవాడు. అడ్వాన్సు ఇవ్వమంటారా?

జవాబు: అంత తేలిగ్గా పాసయ్యేదైతే ఆయనే పాస్ చేయించి ఇంకో నాలుగు డబ్బులు ఎక్కువ అడిగేవాడు కదండీ. ఆ రిపోర్టు కాపీ అడగండి. ఇస్తే దాన్ని పట్టుకుని మీకు నచ్చినచోట, మీ ఖర్చుతో, బండిని లిఫ్ట్ ఎక్కించి చూపించండి. బండి పంపించను, కావాలంటే మా మెకానిక్ చెప్తాడు అంటే అడ్వాన్సు మాట ఎత్తకుండా వచ్చేయండి.